ఆడేవాడి మాట
నగరం ఆడిన ఆటలు: 9వ భాగం

గీతా ఆర్ట్స్ నిర్మించిన హిందీ ‘గజనీ’ 2008 డిసెంబరు 25న థియేటర్లకొచ్చింది. ఆ సినిమా అందరికీ గుర్తే. దాని వెంటే హైదరాబాద్‌లో తయారైన ఇంకో సరుకు కూడా దుకాణాలకు చేరిందన్నది మాత్రం చాలామందికి గుర్తులేదు. అది ‘గజనీ - ది గేమ్’ అనే కంప్యూటర్ ఆట. తయారుచేసింది ఎఫ్‌ఎక్స్‌ల్యాబ్స్ స్టూడియోస్. సాఫ్ట్‌వేర్ పరీక్షల కంపెనీ ఆప్‌ల్యాబ్స్‌ను నెలకొల్పిన శశి రెడ్డే ఈ స్టూడియోనూ పెట్టారు. అమ్మే బాధ్యత ఈరోస్ తీసుకుంది. భారతదేశంలో తొలి అసలైన త్రీడీ పీసీ గేమ్ ఇదేనని ప్రచారం చేశారు. మొత్తం 5 లెవెల్స్. ఆమిర్ ఖాన్ వేసిన సంజయ్ పాత్రను వెనకనుంచి చూస్తూ నడిపించాలి, కొట్లాడించాలి, ఆయుధాలు పట్టించాలి. ధర 14.99 డాలర్లని ప్రకటించారు. ఆనాటి మారకం ప్రకారం అది 700 రూపాయల పైమాటే.

సినిమా విరగబడి ఆడింది. గేమ్‌కు ఆటగాళ్లు పెట్టిన మార్కులు చాలా తక్కువ. కదలిక బిగుసుకుపోయిందన్నారు, శత్రువులకు బుర్ర లేదన్నారు, హీరో బొమ్మ చూపించి డబ్బు లాగారన్నారు. తయారీదారుల వైపు వాదన ఒక్కటే: మన దేశంలో ఇది మొదటి అడుగు, వెన్నుతట్టాలిగానీ కాలు లాగకూడదు. ఆ తగవు అక్కడ మొదలై ఇప్పటికీ తెగలేదు. ఈ నగరంలో గేమ్ పరిశ్రమ ఎందుకు ఎదగాల్సినంత ఎదగలేదో తెలుసుకోవాలంటే కంపెనీల లెక్కల పుస్తకాలకన్నా ఈ తగవును చూడటమే మేలు. అందుకే ఈ వారం భాగమంతా దీనికే కేటాయిస్తున్నాను.

ముందు పాతబస్తీ గురించి. వీడియో గేమ్‌లంటే మాదాపూర్, గచ్చిబౌలి గుర్తొస్తాయి, ఆట తయారయ్యే ఆఫీసులు అటువైపు ఉన్నాయి కనుక. ఆడేవాళ్లు మాత్రం మూసీకి ఇటువైపూ ఉన్నారు, ఎప్పట్నుంచో ఉన్నారు. 2000ల్లో శాలిబండ, యాకుత్‌పురా, చంద్రాయణగుట్ట లాంటి చోట్ల ఒక చిన్న గది, రెండు మూడు టీవీలు, వాటికి ప్లేస్టేషన్లు, గంటకింత అని లెక్క. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు ప్రపంచంలో పేరున్న ఆటలన్నీ ఆ గదుల్లోనే చూశారు. ‘వైస్ సిటీ’, ‘శాన్ ఆండ్రియాస్’ ఆటల్లోని వీధులు వాళ్లకు సొంత గల్లీల్లా తెలుసు. ఇంటర్నెట్ సెంటర్లలో వరసగా కూర్చుని ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడినవాళ్ల అరుపులు రోడ్డుదాకా వినిపించేవి.

గంట లెక్కన ఆడేవాడికి ఓపిక తక్కువ. జేబులో ఉన్న 10 రూపాయలు అయిపోయేలోపు మజా రావాలి. మొదటి పది నిమిషాలూ సినిమా ముక్కలు చూపిస్తూ కూర్చునే ఆటను వాడు క్షమించడు. గది యజమాని కూడా అంతే. కుర్రాళ్లు రెండోసారి అడగని డిస్కును అతను పక్కన పడేస్తాడు. పత్రికల్లో సమీక్షలు రాకముందే తీర్పు అక్కడ అయిపోయేది. ఆ తీర్పు చెప్పినవాడు ఇంజినీరు కాదు, వాడి మాటను రాసిపెట్టుకున్నవాళ్లూ లేరు. అయినా అంత నిక్కచ్చిగా పరీక్షించేవాళ్లు ఏ స్టూడియోకీ జీతమిచ్చినా దొరకరు.

నిజానికి ఈ బస్తీకి నిక్కచ్చి శ్రోతలు, నిక్కచ్చి ఆటగాళ్లు కొత్త కాదు. ఢిల్లీ నుంచి వచ్చిన కవి దాగ్ దెహ్లవీ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితాగురువయ్యాడు, 1905లో చనిపోయేదాకా హైదరాబాద్‌లోనే ఉన్నాడు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా ఆవరణలో ఆయన సమాధి ఉంది. దేశం నలుమూలల నుంచి కుర్ర కవులు తమ గజళ్లను ఆయనకు పోస్టులో పంపేవారు. ఆయన దిద్ది తిరిగి పంపేవాడు. దీన్నే ఇస్లాహ్ అనేవారు. అలా పంపినవాళ్లలో ఇక్బాల్ ఒకడు. ఇక్బాల్ పుస్తకం ‘బాంగ్-ఎ-దరా’కు ముందుమాట రాసిన అబ్దుల్ ఖాదిర్, ఈ కుర్రాడి గజళ్లలో దిద్దాల్సింది పెద్దగా లేదని దాగ్ కొద్దికాలంలోనే తేల్చేశాడని చెప్పాడు. కవులు సభలో చదివే ముషాయిరాల్లోనైతే తీర్పు అక్కడికక్కడే. నచ్చితే మళ్లీ చదవమని కేకలు, నచ్చకపోతే కవి గొంతు ఎండిపోయేంత నిశ్శబ్దం. తప్పు చెప్పించుకోవడం అవమానమని అక్కడ ఎవరూ అనుకోలేదు. తప్పు చెప్పేవాడికీ, చెప్పించుకునేవాడికీ మధ్య ఒక పద్ధతి ఉండేది.

గాలిపటాలదీ అదే దారి. గత భాగంలో ధూల్‌పేట మాంజా గురించి, గుల్జార్ హౌజ్ దుకాణాల గురించి రాశాను. సంక్రాంతి రోజున రెండు పటాల దారాలు మెలేసి పేంచ్ వేసినప్పుడు మాంజా ఊరికే తెగిపోతే పక్క మిద్దెమీద నుంచి ‘అఫా!’ అని కేక పడుతుంది. మర్నాడు పొద్దున్నే ఆ తెగిన దారం పట్టుకుని కుర్రాడు దుకాణం ముందు నిలబడతాడు. దుకాణదారు తిట్టవచ్చు, నీకు దారం వదిలి ఢీల్ ఇవ్వడం రాదని ఎగతాళి చేయవచ్చు. కానీ వచ్చే ఏడాది మాంజాలో గాజుపొడి పాళ్లు మారతాయి. ఎందుకంటే కొనేవాడూ చేసేవాడూ ఒకే గల్లీలో ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు.

ఆ మొహాలు చూసుకునే చోటు గేమ్ పరిశ్రమకు మొదటినుంచీ లేదు. అదే అసలు జబ్బని నేననుకుంటాను.

ఇప్పుడు 2009కి వద్దాం. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. ఇంట్లో టీవీకి తగిలించి ఆడే యంత్రానికి పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి గేమ్ ఇది. మన ఊరికి దక్కిన గౌరవం. కానీ దీని చుట్టూ లేచిన గొడవలో ఆటగాళ్ల గొంతు వెనకబడిపోయింది. అమెరికాలోని నెవాడాలో ఉండే హిందూ ప్రతినిధి రాజన్ జెడ్ ఈ గేమ్‌ను వెనక్కి తీసుకోవాలని సోనీని కోరాడు. భక్తులు కొలిచే దేవుణ్ణి ఆటగాడు మీటలు నొక్కి ఆడించడమేమిటన్నది ఆయన అభ్యంతరం. ఇదే మనిషి 2012లో అమెరికా కంపెనీ హై-రెజ్ తయారుచేసిన ‘స్మైట్’ మీద కూడా గొంతెత్తాడు. కాళికాదేవి లాంటి దేవతలను అందులో పోరాటబొమ్మలుగా పెట్టారు.

ఈ రెండు రకాల విమర్శలనూ ఒకే గాటన కట్టకూడదు. భక్తుడి అభ్యంతరం ఆ ఆట ఉండకూడదని. ఆటగాడి అభ్యంతరం ఆ ఆట బాగుండాలని. మొదటిదానికి జవాబివ్వాలంటే వేషం వేసి గద పట్టే మన వీధి నాటకాల సంప్రదాయం గురించి మాట్లాడవచ్చు, చర్చ చేయవచ్చు. రెండోదానికి జవాబు మాటల్లో ఉండదు, గెంతినప్పుడు పాత్ర సరిగా గెంతాలి, కెమెరా గోడలోకి దూరకుండా ఉండాలి. ‘హనుమాన్’ను ఆడి చూసినవాళ్లు అడిగింది ఇదే. అప్పటికి గ్రీకు పురాణాలతో చేసిన ‘గాడ్ ఆఫ్ వార్’ మొదటి రెండు భాగాలూ ప్లేస్టేషన్ 2 మీదే వచ్చేసి ఉన్నాయి. అదే యంత్రం, అదే రిమోట్, అదే టీవీ. కుర్రాడు పోల్చి చూడకుండా ఎలా ఉంటాడు? పురాణం మనదైనంత మాత్రాన చేతికి తగిలే ఆట మారదు.

అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ను ప్లేస్టేషన్ కోసం చేసింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు లాంటి మన ఆటల మూట అది. ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. పరాయి నగరాల్లో కారు దొంగతనాలు ఆడే పిల్లాడికి వాడి సొంత మిద్దె మీది ఆట ఇద్దామనుకోవడం మంచి మనసున్న పని. చిక్కల్లా ఎక్కడంటే, గాలిపటం గురించి పాతబస్తీ పిల్లాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు. దారం వేలిమీద జారుతుంటే గాలి బరువు ఎంతో వాడికి తెలుసు. ఎప్పుడు దారం లాగి ఖీంచ్ కొట్టాలి, ఎప్పుడు ఢీల్ వదలాలి, చరఖా పట్టుకున్న తమ్ముణ్ణి ఎప్పుడు కేకేయాలి, ఇవన్నీ వాడి ఒంట్లో ఉన్నాయి. రెండు బటన్ల మీద అదంతా తేవాలంటే మహా కష్టం. అందుకే ఇలాంటి ఆటను పరీక్షించడానికి వీళ్లకన్నా తగినవాళ్లు లేరు. స్టూడియో ఇదే ఊళ్లో ఉంది, గుల్జార్ హౌజ్ కూడా ఇదే ఊళ్లో ఉంది. ఊరు ఒకటే కావడం వల్ల దక్కాల్సిన లాభం అది.

గేమ్‌శాస్త్రే షారుక్ ఖాన్ ‘డాన్ 2’ను కూడా గేమ్‌గా మార్చింది. సినిమా వచ్చింది 2011 డిసెంబరులో. ప్లేస్టేషన్ 2 గేమ్ వచ్చింది 2013లో. ప్రపంచమంతా 15 కోట్లకు పైగా అమ్ముడైన ప్లేస్టేషన్ 2 తయారీని ఆపేశామని సోనీ చెప్పింది కూడా 2013 జనవరిలోనే. సినిమా వేడి చల్లారాక, యంత్రానికి కాలం చెల్లాక వచ్చిన ఆట మీద ఆటగాళ్లు కోప్పడే తీరిక కూడా చేసుకోలేదు. చేసేవాళ్లకు తిట్లకన్నా పెద్ద శిక్ష అది.

ఇక్కడ తయారీదారుల పక్షాన ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఆటలు నాసిగా రావడానికి వాటిని చేసిన కుర్రాళ్ల చేతకానితనం కారణం కాదు. సినిమా విడుదల తేదీ ముందే ఖరారై ఉంటుంది, దాన్ని జరిపే హక్కు స్టూడియోకు ఉండదు. హీరో బొమ్మ వాడుకునే హక్కులకు డబ్బు పోతుంది, మిగిలిన డబ్బుతో ఆట చేయాలి. పేరున్న పెద్ద ఆట వెనక వందల మంది, నాలుగైదేళ్ల కాలం ఉంటాయి. మనవాళ్లకు పదుల్లో మనుషులు, నెలల్లో గడువు. పైగా ప్రోగ్రామ్ రాసిన మనిషికి ఆడేవాడితో నేరుగా మాట్లాడే వీలుండదు, మధ్యలో పబ్లిషర్, పంపిణీదారు, ప్రచారం చూసేవాళ్లు. తిట్లు మాత్రం వాళ్లందరినీ దాటుకుని ఇతనికే చేరతాయి. తన పేరు ఆట చివర ఏ మూలనో వస్తుంది, అదీ వస్తే.

కాబట్టి నా తీర్పు ఇది. ఆటగాళ్లు చెప్పింది నిజం. తయారీదారుల కష్టం కూడా నిజం. తప్పు ప్రచారం చేసినవాళ్లది. తొలి అడుగును తొలి అడుగని చెప్పి, తక్కువ ధరకు అమ్మి, లోపాలు చెప్పండి దిద్దుతామని అడిగి ఉంటే పాతబస్తీ గదుల్లోనే వందలమంది ఉస్తాద్‌లు దొరికేవారు. అలా కాకుండా ప్రపంచస్థాయి అని డప్పు కొట్టారు. ప్రపంచస్థాయి అంటే ఏమిటో గంటకు 10 రూపాయలిచ్చి చూసినవాడి ముందు కొట్టారు.

బయటి దేశాల్లో ఈ తగవు వేరే రూపాల్లో నడిచింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న బయోవేర్ 2012 మార్చిలో ‘మాస్ ఎఫెక్ట్ 3’ విడుదల చేసింది. మూడు భాగాల కథలో తాము చేసిన ప్రతి ఎంపికా ముగింపును మారుస్తుందని ఆటగాళ్లు ఏళ్లతరబడి ఎదురుచూశారు. తీరా చూస్తే ముగింపుల మధ్య తేడా దాదాపు రంగులదే. అభిమానులు చందాలు వేసుకుని 400 పైచిలుకు కప్‌కేకులు ఆ ఆఫీసుకు పంపారు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో. రంగు ఏదైనా అన్నీ ఒకే వనిల్లా రుచి. ఇంత మర్యాదగా, ఇంత ఘాటుగా చేసిన విమర్శను నేను ఇంకెక్కడా చూడలేదు. కంపెనీ ఆ కేకులను నిలువనీడ లేని పిల్లల కేంద్రానికి ఇచ్చింది. జూన్‌లో ముగింపును పెంచి, విడమరిచి ఉచితంగా అందించింది.

మన స్టూడియోలు ఎక్కువ నేర్చుకోవాల్సింది మాత్రం ఇంగ్లండ్‌లోని హలో గేమ్స్ దగ్గర. 2016 ఆగస్టులో ‘నో మ్యాన్స్ స్కై’ వచ్చింది. చేసింది సుమారు 15 మంది. అధిపతి షాన్ మరే విడుదలకు ముందు ఇంటర్వ్యూల్లో చెప్పినవి చాలావరకు ఆటలో లేవు. జనం మండిపడ్డారు. అంతకుముందే, విడుదల కొన్ని వారాలు వాయిదా పడిందన్నందుకే ఆయనకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. విడుదలయ్యాక ఆ బృందం నోరు మూసుకుంది. వాదించలేదు, సంజాయిషీలు రాయలేదు. ఏడాది తర్వాత ఏడాది ఉచితంగా ఆటను నింపుతూ పోయింది. 2018లో ‘నెక్స్ట్’ అనే పెద్ద చేర్పుతో కలిసి ఆడే వసతి సరిగా వచ్చింది. తిట్టినవాళ్లే తిరిగొచ్చారు. హైదరాబాద్‌లోనూ పెద్ద ఆఫీసున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంగతి వేరు. 2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో డబ్బు పోసినవాడే గెలిచేలా అదృష్టపు పెట్టెలు (లూట్ బాక్సులు) అమ్మకానికి పెట్టారని ఆటగాళ్లు తిరగబడ్డారు. విడుదలకు గంటల ముందు కంపెనీ ఆ అమ్మకాన్ని ఆపేయాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో గాలి మళ్లింది కూడా ఆ రోజుల్లోనే. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ 2015 జూన్‌లో డబ్బు వాపసు పద్ధతి పెట్టింది: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడితే డబ్బు తిరిగి అడగవచ్చు. అదే ఏడాది నవంబరులో రూపాయల్లో ధరలు వచ్చాయి. మాంజా దుకాణం గల్లా దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడే హక్కు మళ్లీ దొరికినట్టయింది. 2017 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో ‘అసుర’ను అక్కడే అమ్మకానికి పెట్టింది. జైన్ ఫహద్ నాయకత్వంలో కొద్దిమంది కలిసి చేసిన ఆట. ఓడిన ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చే కఠినమైన కత్తియుద్ధం, మన పురాణాల అసురుల లోకం. సినిమా హీరో లేడు, విడుదల తేదీ పట్టుకుని తరిమే నిర్మాత లేడు. ఆటగాళ్లు దీన్ని దయతలచి మెచ్చుకోలేదు. లోపాలు చెప్పారు, తిట్టారు, మళ్లీ ఆడారు. మనవాళ్ల ఆటను ఆటగా చూసి బేరీజు వేశారు. ఆ గౌరవం 2008లో దొరకలేదు.

ఇక జట్టుగా తుపాకులతో తలపడే పబ్జీ. 2018లో ఫోన్‌లోకి వచ్చాక పాతబస్తీలో గంట లెక్కన ఆడించే గదులతో పని లేకుండా పోయింది. ఆట చబుత్రా మీదికి వచ్చింది. అర్ధరాత్రి అరుగులమీద చేరే కుర్రాళ్లను పట్టుకుని తల్లిదండ్రుల ముందు బుద్ధి చెప్పే ‘ఆపరేషన్ చబుత్రా’ను పోలీసులు అంతకుముందే నడిపారు. ఆ అరుగులమీదే ఇప్పుడు నలుగురు నాలుగు ఫోన్లతో ఒక జట్టు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. రెండు రోజులకే బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ తయారుచేస్తున్న ‘ఫౌజీ’ని అక్షయ్ కుమార్ ప్రకటించాడు. 2021 జనవరి 26న అది విడుదలైంది. పబ్జీ లోటు తీర్చేది వస్తుందనుకున్నవాళ్లకు గల్వాన్ లోయలో ఒంటరిగా, ఎక్కువగా చేతులతో, కర్రలతో కొట్లాడే కథ దొరికింది. రేటింగ్ రోజుల్లోనే జారిపోయింది. జట్టుగా తలపడే ఆట ఆ జూన్‌లో గానీ చేరలేదు.

దేశభక్తిని అడ్డుపెట్టుకుని ఆటగాడి నోరు మూయించవచ్చని కొందరు అనుకున్నారు. ఆట నచ్చలేదన్నవాణ్ణి దేశం మీద ప్రేమ లేనివాడిగా చూడటం అన్యాయం. పాతబస్తీ కుర్రాడి విషయంలో ఆ మాట ఎంత తేలిగ్గా దొర్లుతుందో, ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాడు అడిగింది తుపాకీ గురి సరిగా ఉండాలని, ఫోన్ వేడెక్కకుండా ఉండాలని. పబ్జీకి బదులు 2021 జులై 2న వచ్చిన బీజీఎంఐ మీద కూడా వాళ్లు ఇలాగే విరుచుకుపడ్డారు, ముఖ్యంగా మోసపు ఆటగాళ్ల విషయంలో. దాన్ని 2022 జులైలో తీసేశారు, 2023 మేలో పిల్లలకు 3 గంటలు, పెద్దలకు 6 గంటల పరిమితితో తిరిగి అనుమతించారు.

విమర్శ పేరుతో జరిగే దుర్మార్గాన్ని నేను సమర్థించను. ఆట పాడైందని మనిషిని చంపుతాననడం, ఇంట్లో ఆడవాళ్లను తిట్టడం, చేసినవాడి కులం, మతం తవ్వడం, ఇవేవీ విమర్శ కావు. పేంచ్‌లో ఓడినవాడు పక్క మిద్దె మీద రాయి విసిరితే గల్లీ పెద్దలు ఊరుకునేవారా? ఇక్కడా ఊరుకోకూడదు, ముందుగా తోటి ఆటగాళ్లే ఊరుకోకూడదు. అయితే ఆ కొద్దిమందిని చూపించి మిగతా అందరి మాటనూ చెత్తబుట్టలో వేసే స్టూడియోలున్నాయి. అదీ తప్పే.

భారత గేమ్ డెవలపర్ల సదస్సు ఏళ్లతరబడి హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగింది. ఆటగాళ్ల జాతర డ్రీమ్‌హ్యాక్ 2022, 2023, 2024ల్లో హైటెక్స్‌లో జరిగింది. చార్మినార్ నుంచి ఆ రెండూ దాదాపు 20 కిలోమీటర్లు. అక్కడి వేదికలమీద పెట్టుబడి గురించి, ఎగుమతుల గురించి చాలా మాటలు విన్నాం. నేను కోరేది చిన్నది. మన ఊళ్లో ఆట చేస్తున్నవాళ్లు విడుదలకు ఆరు నెలల ముందు పది ఫోన్లు పట్టుకుని మొఘల్‌పురాలోనో, హుస్సేనీ ఆలంలోనో ఒక సాయంత్రం కూర్చోండి. ఆట తెలుగులో, దక్కనీ ఉర్దూలో మాట్లాడితే ఎలా ఉంటుందో కూడా అప్పుడే అడగండి. పిల్లలు మొహమాటపడరు. రాసుకోండి.

పాఠకులకు కూడా ఒక విన్నపం. ‘గజనీ’, ‘హనుమాన్’, ‘దేశీ అడ్డా’, ‘డాన్ 2’ డిస్కులు మీ ఇంట్లో అటకమీద ఉంటే పారేయకండి. గంట లెక్కన ఆడించిన గదుల బోర్డులు, రేటు కాగితాలు, ఫొటోలు ఉన్నా దాచండి. అలాంటి గది నడిపినవాళ్లుంటే పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి, మీ జ్ఞాపకాలను ఈ ధారావాహికలో చేర్చుకుంటాం. వచ్చే భాగంలో క్యారమ్ బోర్డులు.